గిటార్ కిట్‌లో హమ్ ఎలా పోయిందంటే

విజయనగరంలో మా మేడ మీద టెలీకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌ని కిట్ (విడి భాగాల సెట్టు) నుంచి బిగించాను. పాలిష్ దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. జూలై వానల్లో లాకర్ (మెరుపు వార్నిష్) కొడితే పూత పాలు పోసినట్టు తెల్లబడింది. గాలిలో తేమ ఎక్కువైతే అంతే. మా వీధి వడ్రంగి "తడి గాలిలో కొట్టకు బాబూ, పొడి ఎండ రానీ" అన్నాడు. 320 నంబర్ సాండ్ పేపర్‌తో ఆ పొర తీసేసి, ఎండ కాసిన రోజు పల్చగా మళ్లీ కొట్టాను. బొబ్బిలి వీణల పనస చెక్క నిగారింపు చూసి పెరిగినవాణ్ణి, మెరుపు వచ్చేదాకా మనసు ఒప్పలేదు.

అసలు టెన్షన్ వైరింగ్‌ది. ఆంప్లిఫయర్‌కి కలపగానే ఒకటే హమ్, అంటే గుయ్‌మనే మోత. తీగలు ముట్టుకున్నా తగ్గలేదు, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లోహం మీద వేలు పెడితే తగ్గింది. అంటే తీగలకు గ్రౌండ్ (హమ్‌ని లాగేసే కనెక్షన్) అందడం లేదన్నమాట. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి ఒక మొన బ్రిడ్జికి (తీగలు ఆనే లోహపు భాగానికి), ఇంకోటి జాక్ గ్రౌండ్‌కి ఆనించాను. బీప్ రాలేదు. బ్రిడ్జి విప్పి చూస్తే, దాని కింద నొక్కుకుని ఉండాల్సిన గ్రౌండ్ వైరు కొస రంధ్రంలోకి జారిపోయి ఉంది! పొడవాటి వైరు వేసి, కొస ఒలిచి, పోగులు విడదీసి పరిచి బిగించాను.

వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) వీపు మీద సోల్డర్ (వైర్లు అతికే లోహం) కూడా బొట్టులా నిలిచిందే గానీ అంటుకోలేదు. నా 25 వాట్ల ఐరన్ వేడి దానికి చాలలేదు. వీపు కాస్త గీకి, 60 వాట్లది తెచ్చి పెడితే చక్కగా పాకింది. బయటి మోత పట్టకుండా, పికప్‌ల (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాల) గుంటల్లో రాగి టేపు అతికించి, దాన్నీ గ్రౌండ్‌కి కలిపాను.

సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు కాబట్టి సన్నని హమ్ కొంచెం ఉంది. తీగ మీద చెయ్యి పడగానే అదీ దాదాపు వినిపించడం లేదు.