నేటి మంచిమాట బోర్డు: మా బడిలో నడిపే పద్ధతి

చాలా హైస్కూళ్లలో హెచ్చెమ్ గది బయట ఒక చిన్న బ్లాక్‌బోర్డు ఉంటుంది. పైన 'నేటి మంచిమాట' అని పెయింట్‌తో రాసి ఉంటుంది. కింద పోయిన వారం ఎవరో రాసిన వాక్యం సగం చెరిగిపోయి కనిపిస్తుంది. ప్రార్థనలో ఒక పిల్లాడు కొత్త మాట ఒకటి గడగడా చదివేస్తాడు. తర్వాత వార్తలు, జనగణమన, క్లాసుల్లోకి పరుగు. మూడో పీరియడ్‌లో "పొద్దున ఏం చదివార్రా?" అని అడిగితే చదివినవాడికే గుర్తుండదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఈ బోర్డు పని ఎక్కడైనా తెలుగు టీచర్ నెత్తినే పడుతుంది కాబట్టి, మీకూ పడి ఉంటే పనికొస్తుందని మా పద్ధతి రాస్తున్నాను. బడితో సంబంధం లేనివాళ్లు ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించుకుని కూడా ఇది నడుపుకోవచ్చు.

ముందు మాట కోసం వెతకడం మానేసి మనిషి కోసం వెతకండి. వారానికి ఒక్క మనిషి చాలు. సోమవారం ఆ మనిషి ఎవరో రెండు వాక్యాల్లో రాయాలి. తర్వాతి రోజుల్లో వాళ్లు తమ పని ఎలా చేశారో కొంచెం కొంచెంగా రాయాలి. శనివారం మాత్రం మనం చేయగలిగిన చిన్న పని ఒకటి ఇవ్వాలి. రోజుకొక మహానుభావుణ్ణి మార్చేస్తే పిల్లలకు పేర్లన్నీ కలగాపులగం అయిపోతాయి.

మొదటి వారం మనిషి కోసం దూరం వెళ్లక్కర్లేదు, ప్రార్థనలోనే ఉన్నాడు. రోజూ చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయన సొంతూరు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు దాన్ని తెలుగులో రాశారు. తర్వాత అది దేశంలోని మిగతా భాషల్లోకి వెళ్లింది. ఈ సంగతి బోర్డు మీదికి ఎక్కిన రోజు మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "ట్రెజరీ అంటే మీ జీతాలు వచ్చే ఆఫీసే కదా మేడం?" అదేనర్రా అన్నాను. బిల్లులు చూసే ఉద్యోగం చేస్తూ కూడా ఇలాంటిది రాయొచ్చన్నది వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు, నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ శనివారం పని: ప్రతి తరగతీ తన ప్రతిజ్ఞ తాను నాలుగు వాక్యాల్లో రాసుకోవాలి. ఎనిమిదో తరగతి వాళ్లు 'ఫ్యాన్ కింద సీటు వారానికొకరికి' అని రాసుకున్నారు. ఇప్పటికీ ఆ వంతు నడుస్తోంది.

ఇక ఎలాంటి మాట వద్దో చెప్పాలి. మా బడి గోడ మీద ఎప్పుడో ఎవరో రాయించిన వాక్యం ఉంది, 'కష్టపడితే సాధించలేనిది లేదు' అని. దాన్ని చూపించి తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, "మా నాన్న తెల్లారకముందే చేపల చెరువు మీదకి పోతాడు మేడం. మరి మాకేం వచ్చింది?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్నకు ఆ వాక్యం దగ్గర జవాబు లేదు. కష్టం గురించి మనం కూలికెళ్లేవాళ్ల పిల్లలకు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. అందుకని ఏ మాట రాసినా, ఆ పిల్లాడి నాన్న బడి గేటు దగ్గర నిలబడి చదివితే ఏమనుకుంటాడో ఒకసారి ఊహించుకోండి. నచ్చజెప్పే మాటల కన్నా పని జరిగిన తీరు చెప్పడం మంచిది.

గురజాడ అప్పారావు వారం చూడండి. కన్యాశుల్కం నాటకాన్ని మొదట 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. అంతటితో వదిలేయొచ్చు కదా, పేరు వచ్చేసింది. ఆయన మళ్లీ కూర్చుని చాలా పెంచి, మార్చి రాసి 1909లో ఇంకోసారి అచ్చు వేయించారు. మనం ఇప్పుడు మురిసిపోతూ చదువుకునేది ఆ రెండోదే. బోర్డు మీద ఆ మూడు సంవత్సరాలు ఒకదాని కింద ఒకటి రాస్తే చాలు. శనివారం పని: పోయిన నెల రాసిన వ్యాసం తీసి మళ్లీ రాయడం. పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి.

గిడుగు రామమూర్తి వారం ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29 వచ్చినప్పుడు పెట్టుకోండి. ఆ రోజు ఎలాగూ సభ ఉంటుంది, దండ ఉంటుంది. మాట్లాడే భాషలోనే రాయాలన్న ఆయన వ్యావహారిక భాష గొడవ పిల్లలకు అంతగా ఎక్కదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడన్నది మాత్రం బాగా ఎక్కుతుంది. పని: ఇంట్లో వేరే భాష మాట్లాడే తోటి పిల్లల దగ్గర నాలుగు మాటలు నేర్చుకోవాలి. మా బడిలో ఉర్దూ మాట్లాడే అమ్మాయి ఆ వారమంతా పెద్ద టీచరై కూర్చుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది భండారు అచ్చమాంబ వారం. 1874లో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లైపోయింది, బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకోడానికి ఆమె ఇంట్లో ఉన్నప్పుడు అతని పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలు వెతికి వెతికి పుస్తకంగా రాసింది. 1902లో ఆమె రాసిన కథ తెలుగులో వచ్చిన తొలి కథల్లో ఒకటి. 1905లో, ముప్పై దాటుతూ దాటుతూనే చనిపోయింది. శనివారం పని: ఇంట్లో అమ్మనో నాయనమ్మనో 'నువ్వు ఎన్నో తరగతిలో చదువు మానేశావు, ఎందుకు?' అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురావడం. సోమవారం వచ్చిన కాగితాలను ప్రార్థనలో చదివించొద్దు. కొన్నింటిలో ఇంటి గుట్టు ఉంటుంది. టీచర్ చదివి తిరిగి ఇచ్చేయాలి, అంతే.

మాట అసలు ఎవరిదో తేల్చుకోవడం ఇంకో పని. వాట్సాప్‌లో కలాం ఫొటో పక్కన ఉన్నదల్లా కలాం అన్నది కాదు, ఐన్‌స్టీన్‌దీ అదే కథ. వివేకానంద పేరుతో తిరిగే 'లేవండి, మేల్కొనండి' కఠోపనిషత్తులోది. ఆయన దాన్ని జనంలోకి తెచ్చారు. 'విశ్వదాభిరామ' మకుటం తగిలించి తర్వాతివాళ్లు కట్టిన పద్యాలు కూడా బోలెడున్నాయి. అందుకే మేం పుస్తకంలో కళ్లతో చూసిన మాటే రాస్తాం. దొరక్కపోతే పేరు తీసేసి, మాట బావుంటే మాట ఒక్కటే రాస్తాం. 'వినదగు నెవ్వరు చెప్పిన' అన్న సుమతీ పద్యం ఈ పనికి పిల్లలకు అప్పగించడానికి సరిగ్గా సరిపోతుంది. పుస్తకం వెతికే పని పదో తరగతి వాళ్లకు ఇస్తే లైబ్రరీ బీరువా తాళం కూడా అప్పుడప్పుడు తెరుచుకుంటుంది.

రాయడం సంగతి. రెండు వరుసలు దాటొద్దు, వెనక నిలబడ్డ ఆరో తరగతి పిల్లలకు కనబడాలి. చాక్‌పీసు కాసేపు నీళ్లలో తడిపి రాస్తే ఆరాక అక్షరాలు తెల్లగా, మందంగా వస్తాయి, చేయి తగిలినా తొందరగా చెరగవు. అందమైన చేతిరాత ఉన్న అమ్మాయితోనే రోజూ రాయించకండి. వంతులు వేయండి. తప్పు రాస్తే మర్నాడు వాళ్లే దిద్దుకుంటారు. చదివే పిల్లవాడికి ముందు రోజు సాయంత్రమే కాగితం ఇవ్వాలి.

పరీక్షల వారంలో ఎవరి మాటా వద్దు. బోర్డంతా తుడిచేసి టైంటేబుల్ రాయండి. ఆ వారం పిల్లలు దాని ముందు గుంపుగా నిలబడి, ఒక్కో అక్షరం చదువుతారు.