ట్రావెల్ ఏజెంట్లకు తెలంగాణను ఎలా చూపించాలి

"మా దగ్గర చూడాల్సినవి చాలా ఉన్నాయండీ" అంటే ఏ ఏజెంటూ కదలడు, రెండు రోజుల ప్లాన్ చేతిలో పెట్టండి. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరి దారిలో వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రాత్రికి లక్నవరం చెరువు, మర్నాడు రామప్ప గుడి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన మాట చెప్పండి గానీ, మనిషిని పట్టేసేది అది కాదు, చూరు కింద ఒళ్లు విల్లులా వంచి నిలబడ్డ నల్లరాతి మదనికలు (అందగత్తెల శిల్పాలు), శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకలు. ఏటవాలు ఎండలో, దగ్గర నుంచి తీసిన ఫొటోలు నాలుగు పంపితే చాలు.

రేట్లు కమీషన్‌తో సహా రాసివ్వండి. బొగత జలపాతం వానాకాలంలోనే బాగుంటుంది, ఎండాకాలం వచ్చేవాళ్లకి దాన్ని అమ్మకండి. అన్నిటికన్నా ముఖ్యం, ముందు ఏజెంట్లనే తీసుకెళ్లి చూపించండి, బాత్రూములు, భోజనం, ప్రయాణానికి పట్టే టైమ్ వాళ్లకే తెలిస్తే ధైర్యంగా బుకింగ్ తీసుకుంటారు.