తక్కువ ఖర్చులో మంచి గ్రిప్ టైర్లు: ఎలా ఎంచుకోవాలి, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి

టైర్లు మార్చే టైమ్ వచ్చిందంటే మనం మొదట చేసే పని తెలిసిన నలుగురినీ అడగడం. ఒకరు "నాది ఫలానా టైరన్నా, రోడ్డుకి అతుక్కుని పోతుంది" అంటారు, ఇంకొకరు అదే టైరు గురించి "దాని జోలికి పోకు, పాతిక వేల కిలోమీటర్లకే అరిగిపోయింది" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు ఆఫీసుకీ ఇంటికీ తిరిగే మనిషి, ఇంకొకరు వారానికోసారి హైవే ఎక్కి బండి గట్టిగా తోలే మనిషి, ఇద్దరి కార్లూ వేరు, గాలి పెట్టే లెక్కా వేరు. నేను నా స్విఫ్ట్‌కి రెండుసార్లు టైర్లు మార్చాను. మొదటిసారి తప్పు చేశాను, రెండోసారి కాస్త తెలుసుకుని కొన్నాను. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొత్త టైర్లు వేయించిన వారానికి ఎవరిని అడిగినా "బ్రహ్మాండం" అనే అంటారు. ఎందుకంటే వాళ్లు దాన్ని పోల్చేది యాభై వేల కిలోమీటర్లు తిరిగి, రబ్బరు గట్టిపడి, గాడులు అరిగిపోయిన పాత టైరుతో. దాని పక్కన పెడితే ఏ కొత్త టైరైనా మెత్తగానే ఉంటుంది, చప్పుడు లేకుండానే పోతుంది. అందుకే నేను ఇప్పుడు ఎవరినైనా అడిగితే "ఎలా ఉంది" అని అడగను. ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఒక వానాకాలం చూశారా, ఏ సైజు, గాలి ఎంత పెడతారు, ముందు ఏ టైరు ఉండేది అని అడుగుతాను. పదిహేను వేలు తిరిగి, ఒక వానాకాలం దాటిన వాళ్ల మాట ఒక్కటి దొరికినా వారం రోజుల సంబరాలు పది విన్నదానికంటే మేలు. అలాగే బరువైన ఎస్‌యూవీ నడిపేవాళ్లు చెప్పింది తేలికపాటి హ్యాచ్‌బ్యాక్‌కి సరిగ్గా వర్తించదు, టైరు మీద పడే బరువే వేరు కదా.

ఇక పెర్ఫార్మెన్స్ అంటే ఏంటో తేల్చుకోవాలి. మొదటిసారి నేను ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాడుల భాగం) డిజైన్ చూసి, పేరులో స్పోర్ట్ అని ఉందని కొనేశాను. ఎండలో బాగానే ఉండేవి. కొన్నాళ్లకి జూలైలో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, పక్కన అమ్మ, వెనక పిల్లలు, సూర్యాపేట దాటాక జోరున వాన. స్పీడు తొంభై దగ్గర ఉంది. రోడ్డు కాస్త పల్లంగా ఉన్నచోట నీళ్లు నిలిచాయి, దాంట్లోకి వెళ్లగానే స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా తేలికైపోయింది, బండి నా చేతిలో లేదు. ఒకటి రెండు సెకన్లే, కానీ ఆ రెండు సెకన్లు ఇప్పటికీ గుర్తొస్తాయి. బ్రేక్ తొక్కలేదు, యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీశాను, స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నాను, టైరు మళ్లీ రోడ్డు అందుకుంది. ఇంటికొచ్చి కొలిస్తే ట్రెడ్ రెండు మిల్లీమీటర్లే మిగిలింది. గాడుల మధ్యలో అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మెలు 1.6 మిల్లీమీటర్ల దగ్గర పైకి తేలతాయి, అవి ఇంకా తేలలేదు కదా అని నేను ధీమాగా ఉన్నాను. వానలో హైవే మీద వెళ్లేవాళ్లు మూడు మిల్లీమీటర్లకి వచ్చినప్పుడే మార్చే ఆలోచన మొదలుపెట్టండి. అప్పటి నుంచి నా దృష్టిలో పెర్ఫార్మెన్స్ అంటే ఒకటే, తడి రోడ్డు మీద ఎంత త్వరగా ఆగుతుంది, మలుపులో ఎంత నమ్మకంగా తిరుగుతుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు టైరు పక్కన రాసి ఉండేది చదవడం. ఉదాహరణకి 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే, 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, 15 అంటే రిమ్ము అంగుళాలు. 88 అనేది మోసే బరువుకి కోడు, ఒక్కో టైరు 560 కిలోలు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వరకు పనికొస్తుంది, వి అయితే 240, టి అయితే 190. మనం ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా 120 దాటకూడదు, మరి ఈ అక్షరం ఎందుకంటారా? పై రేటింగ్ టైరు వేడిని ఎక్కువ తట్టుకునేలా కడతారు, మలుపుల్లో సాధారణంగా బిగువుగా ఉంటుంది. కారు కంపెనీ ఇచ్చిన అక్షరం కంటే, బరువు నంబరు కంటే కిందికి మాత్రం ఎప్పుడూ వెళ్లొద్దు. షాపులో "ఏం కాదు సార్" అన్నా సరే.

సైజు పెంచాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. లెక్క ఇలా చెయ్యండి. వెడల్పుని శాతంతో గుణించి, దాన్ని రెండింతలు చేసి, రిమ్ము అంగుళాల్ని 25.4 తో గుణించి కలపండి. 185/65 ఆర్15 మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. 195/60 ఆర్15 అయితే 615, అంటే ఒక శాతం తక్కువ, ఇబ్బంది లేదు. 195/65 ఆర్15 అయితే 634.5, రెండు శాతం ఎక్కువ, అదీ కుదురుతుంది కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవాలి. మూడు శాతం దాటితే వదిలేయండి, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. రిమ్ము వెడల్పు కూడా చూడాలి, 195/60 కి కనీసం ఐదున్నర అంగుళాలుండాలి. ఇంకో మాట, వెడల్పు పెరిగితే మైలేజ్ కాస్త తగ్గుతుంది, నాకు లీటరుకి ఒక కిలోమీటరు దాకా తగ్గింది. నిలిచిన నీళ్లలో వెడల్పు టైరు ఇంకా తొందరగా తేలుతుంది కూడా. అందుకే నా సలహా, డబ్బులు తక్కువగా ఉంటే సైజు పెంచకండి, అదే సైజులో ఒక మెట్టు మంచి టైరు కొనండి. పెద్ద అల్లాయ్ చక్రాలకి పెట్టే డబ్బుతో నాలుగు మంచి టైర్లొస్తాయి.

ఏ టైరు అంటే, అసలైన స్పోర్ట్స్ టైర్లు మన 14, 15 అంగుళాల రిమ్ములకి దాదాపు దొరకవు. మనకి అందుబాటులో ఉండేవి టూరింగ్ రకంలో, అంటే రోజువారీ, దూర ప్రయాణాలకి చేసినవాటిలో కాస్త గ్రిప్ ఎక్కువున్నవి. అపోలో ఆల్నాక్ 4జీ, యోకోహామా ఎర్త్-1, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్ యూసీ6, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, కొంచెం ఖర్చు పెట్టగలిగితే మిషెలిన్ ప్రైమసీ 4ఎస్‌టీ, ఇలాంటివి. ప్రతీది ప్రతి సైజులో రాదు కాబట్టి మీ సైజులో ఏవి ఉన్నాయో ముందు జాబితా రాసుకుని అప్పుడు అభిప్రాయాలు వెతకండి, ముందే ఒక పేరు మీద మనసు పడితే తర్వాత బాధే. మన దగ్గర తయారైనది తక్కువ రకం అనే అభిప్రాయం కూడా వదిలేయండి. అపోలోకి తిరుపతి జిల్లా చిన్నపండూరులో ఫ్యాక్టరీ ఉంది, ఎంఆర్ఎఫ్‌కి సదాశివపేటలో ఉంది, దగ్గర్లో తయారైనంత మాత్రాన గ్రిప్ తగ్గదు.

మెత్తటి రబ్బరు బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు లక్ష కిలోమీటర్లు వచ్చినా తడిలో భయపెడుతుంది. రెండూ కావాలంటే ఖరీదు పెరుగుతుంది, తక్కువ ధరలో ఏదో ఒకవైపు రాజీ పడాల్సిందే. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక నంబరు, ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బి లాంటి అక్షరం ఉంటాయి. ట్రెడ్‌వేర్ నంబరు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం వస్తుందని అర్థం, కానీ అది కంపెనీ తనకు తాను ఇచ్చుకునేది, ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా కాదు. ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద బ్రేకుకి సంబంధించింది, బి ఉన్నదానికంటే ఏ ఉన్నది తీసుకోండి. స్టార్ లేబుల్ కనిపిస్తే అది ప్రధానంగా పెట్రోలు ఆదా గురించి, ఐదు స్టార్లున్నాయని గ్రిప్ కూడా ఐదు స్టార్లే అనుకోవద్దు.

తయారీ తేదీ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. సైడ్‌వాల్ మీద డాట్ అని రాసిన వరుస చివర నాలుగు అంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం. మొదటిసారి నేను ఇది చూడలేదు. డిస్కౌంట్ ఎక్కువ ఇచ్చారని సంతోషంగా వేయించుకుని వచ్చాక చూస్తే మూడేళ్ల పాతవి, అందులో ఒకటి ఇంకా పాతది. అడిగితే "వాడలేదుగా సార్, కొత్తవే" అన్నారు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది, ముఖ్యంగా ఎండ తగిలే చోట పెడితే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది, అప్పటి నుంచి బయటి దేశాల టైరు చవగ్గా ఉందంటే పాత స్టాకేమో అని నేను మొదట తేదీ చూస్తాను. ఆరు నెలల లోపువి అడగండి, ఏడాది దాటితే వద్దనండి, నాలుగింటి మీదా చూడండి, రిమ్ముకి ఎక్కించకముందే చూడండి, ఎక్కించాక వెనక్కి తీసుకోరు. ధర విషయంలో కూడా, 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి బిల్లు అడిగి ఆ లైను చూసుకోండి. వారంటీకి కూడా ఆ బిల్లే కావాలి.

నాలుగూ ఒకేసారి మార్చలేకపోతే రెండు మార్చండి, కానీ కొత్తవి వెనక వేయించండి. చాలా షాపుల్లో ముందు చక్రాలకే వేస్తారు, ముందు చక్రాలు లాగే బండి కదా అని. తడిలో ముందు జారితే బండి నేరుగా పోతుంది, స్పీడు తగ్గిస్తే తిరిగి చేతికొస్తుంది. వెనక జారితే మాత్రం బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు మామూలు డ్రైవర్ చేయగలిగేది ఏమీ ఉండదు. ఇది షాపులో గట్టిగా చెప్పాల్సి వస్తుంది, చెప్పండి.

ఎక్కించేటప్పుడు వాల్వులు కొత్తవి వేయించండి, ఖర్చు తక్కువే. బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) రెండూ చేయించాలి, అలైన్‌మెంట్‌కి ముందూ తర్వాతా వచ్చిన రీడింగుల కాగితం అడగండి. మంచి టైరు లోపలి అంచు మాత్రమే పది వేలకి అరిగిపోయిందని తిట్టుకునేవాళ్లలో సగం మందికి అసలు సమస్య అలైన్‌మెంటే అని నా అనుభవం.

గాలి దగ్గర చాలామంది తప్పు చేస్తారు. మే నెలలో మన ఎండలకి టైరు పేలుతుందని గాలి తగ్గించి పెట్టుకుంటారు. ఇది తిరగేసిన లెక్క. గాలి తగ్గితే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, వంగే కొద్దీ వేడెక్కుతుంది, పేలేది ఆ వేడికే. డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్ మీద ఎంత ఉందో అంత, పొద్దున్నే బండి తీయకముందు పెట్టండి. తిరిగాక మూడు నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరిగి కనిపిస్తుంది, అది చూసి తీసేయొద్దు. నిండా మనుషులు, సామాన్లతో ఊరెళ్తుంటే అదే స్టిక్కర్‌లో ఫుల్ లోడ్ నంబరు చూడండి. నైట్రోజన్ కొట్టిస్తే నష్టం లేదు, కానీ మామూలు గాలిలోనూ 78 శాతం అదే, నెలకోసారి చెక్ చేయడం దానికంటే ఎక్కువ పనికొస్తుంది. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి.

వేయించాక మొదటి మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, అచ్చులోంచి తీసేటప్పుడు వాడిన పదార్థం పైన పొరలా ఉంటుంది, అది పోయేదాకా పూర్తి గ్రిప్ రాదు. తర్వాత వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద అరవైలో ఒకసారి గట్టిగా బ్రేక్ కొట్టి చూడండి, వాన పడ్డాక అదే చోట నలభైలో చూడండి, బండి ఎలా ఆగుతుందో కాలికి తెలుస్తుంది. ఘాట్ ఎక్కాలనుకుంటే, శ్రీశైలమో అరకో, ఈ పరిచయం అయ్యాకే ఎక్కండి. ఎనిమిది వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. గుంతలో గట్టిగా పడితే ఆ రోజే సైడ్‌వాల్ రెండు వైపులా చూడండి, ఎక్కడైనా బుడగలా ఉబ్బితే దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే. రెండోసారి వేయించినవి ఇప్పటికి ఇరవై ఎనిమిది వేలు తిరిగాయి, రెండు వానాకాలాలు చూశాయి, ముందు చక్రాల ట్రెడ్ నాలుగున్నర మిల్లీమీటర్లుంది, చప్పుడు కొంచెం పెరిగింది, తడిలో బ్రేకు ఇంకా కొత్తలో ఉన్నంత నమ్మకంగానే ఉంది. ఎవరైనా అడిగితే నేను ఈ వివరాలే చెప్తాను, గాలి ఎంత పెడతానో కూడా కలిపి.