వరంగల్ నుంచి దూర రాష్ట్రానికి మిర్చి లోడు పంపే పద్ధతి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఎనుమాముల మార్కెట్‌కు ఎండుమిర్చి పోటెత్తే రోజుల్లో లారీ దొరకడమే కష్టమవుతుంది, కిరాయి పూటకో రకంగా ఉంటుంది. ఆ ఒత్తిడిలో చిన్న వ్యాపారులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలవారు కిరాయి బేరం మీద పెట్టిన శ్రద్ధ లోడింగు మీద, రసీదు మీద పెట్టడం లేదు. దారిలో సరుకు తడిసినా, తగ్గినా పరిహారం రావడమన్నది చాలావరకు లారీ వరంగల్ దాటకముందు రాసుకున్న కాగితాల మీదే ఆధారపడుతుంది కనుక, ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాను.

మొదట లారీని ఎంచుకోవాలి. పది టైర్ల లారీకి సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువును 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. అయితే మిర్చి తేలిక సరుకు కావడం వల్ల బరువు పరిమితి చేరకముందే బస్తాలు ఎత్తుగా పేరుకుపోతాయి, కాబట్టి ఎన్ని టన్నులని కాక ఎన్ని బస్తాలు పడతాయని అడిగి కిరాయి మాట్లాడుకోవడం మంచిది. ఇక్కడ సరుకు దించి తమ రాష్ట్రానికి ఖాళీగా తిరిగి వెళ్లవలసిన లారీ అయితే కిరాయి తగ్గే అవకాశం ఉంటుంది. ఇలాంటి రిటర్న్ బండ్లను చూపే మొబైల్ యాప్‌లు ఇప్పుడు ఉన్నాయి, వాటిని వాడుకోవచ్చు. ముఖపరిచయం లేని బ్రోకరుకు అడ్వాన్సు పంపే ముందు మాత్రం బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో లారీ నంబరు కొట్టి, ఫిట్‌నెస్, బీమా గడువులు చూసుకోవాలి, డబ్బు అడుగుతున్న ఖాతా ఎవరి పేరున ఉందో, వారికి ఆ బండితో ఏ సంబంధమో తేల్చుకోవాలి.

లోడింగు రోజున ముందుగా లారీ అడుగుభాగాన్ని స్వయంగా పరిశీలించాలి, ఎందుకంటే అంతకుముందు ఎరువులో రసాయనాలో మోసిన బండిలోని వాసనను మిర్చి సులభంగా పీల్చుకుంటుంది. తేమ ఎక్కువగా ఉన్న కాయను బస్తాల్లో బిగించి, టార్పాలిన్ కింద రోజుల తరబడి ప్రయాణం చేయిస్తే బూజు పట్టడం ఖాయం, కాబట్టి తేమ 10–11 శాతానికి వచ్చిన సరుకునే ఎక్కించాలి. ఖాళీ బండిని ఒకసారి, నిండు బండిని ఒకసారి కాంటా పెట్టించి రెండు చీటీలూ దాచుకోవాలి. బస్తాల లెక్కను హమాలీ మేస్త్రీ, డ్రైవరు ఇద్దరితోనూ ఒప్పించి సంతకాలు తీసుకోవాలి, టార్పాలిన్ కట్టిన తరువాత నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీయాలి.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే వ్యాపారికి ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, అవసరం. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్కకు వస్తుంది, అంటే 1,500 కిలోమీటర్ల ప్రయాణానికి 8 రోజులు. దారిలో లారీ చెడిపోయి సరుకును వేరే బండిలోకి మార్చితే, కొత్త బండి నంబరును బిల్లులో వాహన వివరాలుండే రెండో భాగంలో చేర్చిన తరువాతే బండి కదలాలి. గడువు సరిపోదని తెలిస్తే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఇది డ్రైవరు చేతిలో ఉన్న పని కాదు కనుక, పంపినవారో ట్రాన్స్‌పోర్టు ఆఫీసువారో రోజూ బండి ఎక్కడుందో కనుక్కుంటూ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది లారీ రసీదు, అంటే సరుకు తీసుకున్నట్టు ట్రాన్స్‌పోర్టరు రాసిచ్చే కాగితం. రోడ్డు రవాణాకు సంబంధించి 2007లో చేసిన చట్టం, 2011లో వచ్చిన నియమాల ప్రకారం, ఎక్కువ రిస్కు రేటుకు (ట్రాన్స్‌పోర్టరు ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి చెల్లించే అదనపు రేటుకు) ముందే ఒప్పుకుని ఉండకపోతే, సరుకు పోయినప్పుడు ట్రాన్స్‌పోర్టరు బాధ్యత కిరాయికి పది రెట్లతో ఆగిపోతుంది. ఉదాహరణకు 100 క్వింటాళ్ల మిర్చి, క్వింటాలు 15,000 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 15 లక్షలు అవుతుంది. కిరాయి 60,000 అయితే దక్కే పరిహారం 6 లక్షలకు మించదు, మిగిలిన 9 లక్షలు పంపినవారి నెత్తినే పడతాయి. అందువల్ల సరుకు వివరాలు రాసి ఇచ్చే ఫార్వర్డింగ్ నోటులో అసలు విలువ తప్పక వేయాలి, ఆపైన ఎక్కువ రిస్కు రేటు చెల్లించడమో రవాణా బీమా తీసుకోవడమో చేయాలి. రెండింటిలో బీమాయే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చిన్న ట్రాన్స్‌పోర్టరు ఒప్పుకున్నా అంత మొత్తం చెల్లించే స్తోమత అతనికి ఉండకపోవచ్చు. బస్తాల సంఖ్య, కాంటా బరువు, చేరవలసిన తేదీ, అన్‌లోడింగు ఆలస్యమైతే రోజుకు ఎంత హాల్టింగు (బండి ఆగినందుకు కట్టే డబ్బు) ఇవ్వాలన్నది కూడా రసీదు మీదనే రాయించుకోవాలి. తేదీ వేసేటప్పుడు డ్రైవరు నిద్రకు, తిండికి సమయం వదలాలి, నిద్ర లేని డ్రైవరు చేతిలో ప్రాణమూ సరుకూ రెండూ ప్రమాదంలో పడతాయి.

రైలు మార్గం గురించి కూడా ఆలోచించవచ్చు. 2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్శిల్ రైలులో ఎండుమిర్చి వెళ్లింది. కాజీపేట వంటి పెద్ద జంక్షను పక్కనే ఉండటం మనకు అనుకూలమే అయినా, రెండు చివరలా లారీ, హమాలీ ఖర్చులు అదనంగా పడతాయి, ఎత్తి దించిన ప్రతిసారీ కాయ విరుగుతుంది. పలువురు కలిసి పెద్ద మొత్తంలో పంపగలిగితేనే ఇది గిట్టుబాటు అవుతుంది.

సరుకు చేరిన చోట అందుకునేవారికి ఒక మాట ముందే గట్టిగా చెప్పి ఉంచాలి: బస్తాలు తడిసినా, తగ్గినా, ఆ సంగతి డెలివరీ కాగితం మీద రాసి, డ్రైవరు సంతకం తీసుకున్న తరువాతే తాము సంతకం చేయాలి. నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లాలంటే సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా ట్రాన్స్‌పోర్టరుకు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్‌లో చెప్పినది నోటీసు కింద చెల్లదు. కాంటా చీటీలు, ఫొటోలు, రసీదు నకలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ పోస్టు రసీదును కేసు ముగిసేవరకు భద్రపరచుకోవాలి.