బైక్ నడిపేటప్పుడు చేతులు తిమ్మిరెక్కకుండా చూసుకోవడం ఎలా?

గంటసేపు ఆగకుండా బైక్ నడిపాక వేళ్లు మొద్దుబారడం, అరచేతిలో చీమలు పాకుతున్నట్టు అనిపించడం చాలామందికి అలవాటైపోయిన ఇబ్బంది. దూరప్రయాణమన్నాక ఇది మామూలేనని కొందరు సర్దుకుపోతారు, మరికొందరు మెత్తటి గ్రిప్పులో ఖరీదైన గ్లౌజులో కొని చూస్తారు. అయితే వేళ్లలో స్పర్శ తగ్గినప్పుడు బ్రేక్ లివర్‌ను ఎంత బలంగా నొక్కుతున్నామో చేతికి సరిగా తెలియదు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. నరం నొక్కుకుపోవడం, రక్తప్రసరణ తగ్గడం, బండి అదురు చేతికి ఎక్కడం అనే మూడు కారణాల్లో ఏదో ఒకటి, లేదా మూడూ కలిసి ఈ తిమ్మిరిని తెస్తాయి. మణికట్టు వంగి ఉండటం, హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవడం ఈ మూడింటినీ పెంచుతాయి. అందువల్ల డబ్బు ఖర్చుపెట్టే ముందు, ఒక పానాతోనూ కాస్త ఓపికతోనూ సరిచేసుకోగలిగినవాటిని సరిచేసుకోవడం మంచిది.

1. ముందుగా ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనించండి

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం మొద్దుబారుతుంటే మీడియన్ నరం మీద ఒత్తిడి పడుతోందని అనుకోవచ్చు. ఈ నరం మణికట్టు దగ్గర కార్పల్ టన్నెల్ అనే ఇరుకైన దారిలోంచి, వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయుబంధనాలతో (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి) కలిసి అరచేతిలోకి వస్తుంది. ఆ దారికి అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీలాంటి కణజాలం ఉండటం వల్ల అది సాగదు. మణికట్టు పైకి వంగినా కిందికి వంగినా లోపల ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది.

చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలి సగం మొద్దుబారితే అది అల్నార్ నరానికి సంబంధించినది. ఈ నరం అరచేతికి చిటికెన వేలి వైపున, మణికట్టు దాటగానే ఉండే కండ కింది నుంచి వెళుతుంది. శరీర బరువునంతా అరచేతి ఆ అంచు మీద మోపి కూర్చునేవారికి ఇది తప్పదు. ఇదే నరం మోచేతి లోపలి వైపు ఎముకను ఆనుకుని వస్తుంది గనుక మోచేయి బాగా ముడిచి ఎక్కువసేపు ఉంచినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

అన్ని వేళ్లూ ఒకేలా జివ్వుమంటూ బండి ఆపిన కొద్దిసేపటికే సర్దుకుంటే అదురును, బిగువైన పట్టును అనుమానించాలి. చలిలో వేళ్ల కొనలు తెల్లగా పాలిపోతే అది రక్తనాళాలు ముడుచుకుపోవడం వల్ల. కుడిచేయి మాత్రమే తిమ్మిరెక్కితే కారణం దాదాపుగా యాక్సిలరేటర్ దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఎడమచేతికి దొరికే విశ్రాంతి ఆ చేతికి దొరకదు.

2. లివర్ల కోణం సరిచేయండి

కొత్త బండి లివర్లు సగటు మనిషిని దృష్టిలో పెట్టుకుని బిగించినవి, మీ చేతులను కొలిచి బిగించినవి కావు. అయినా వాటిని ఏళ్ల తరబడి ముట్టుకోనివారే ఎక్కువ. మొత్తం ఈ పనుల్లో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలపండి, లేదా ఎవరినైనా నిటారుగా పట్టుకోమనండి. నడిపేటప్పుడు వేసుకునే జాకెట్, గ్లౌజులతోనే మామూలుగా కూర్చుని, కళ్లు మూసుకుని చేతులను గ్రిప్పుల మీద ఉంచి వేళ్లను తిన్నగా ముందుకు చాపండి. మోచేతి నుంచి వేలికొన వరకు పక్కనుంచి చూస్తే ఒకే గీతలా ఉండి, వేళ్లు నేరుగా లివర్ మీదికి రావాలి. వేళ్లు లివర్ కిందికి వెళుతుంటే లివర్ మరీ పైకి ఉందని, దాన్ని అందుకోవడానికి మీరు ప్రతిసారీ మణికట్టును వెనక్కి విరుస్తున్నారని అర్థం. వేళ్లు పైనే ఉండిపోతే లివర్ కిందికి దిగిందన్నమాట.

లివర్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే బోల్టులను పూర్తిగా తీయకుండా, లివర్ తిరిగేటంత మాత్రమే వదులు చేసి, కొంచెం తిప్పి మళ్లీ కూర్చుని చూసుకోండి. ఒకేసారి ఎక్కువ తిప్పకండి. బోల్టులు బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పి, బ్రేక్ గొట్టం గానీ క్లచ్ కేబుల్ గానీ లాగినట్టు అవుతోందేమో చూడాలి. డిస్క్ బ్రేక్ ఉన్న బండికి కుడివైపు బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా లివర్‌తో పాటే వంగుతుంది గనుక అది బాగా ఒరిగిపోకుండా జాగ్రత్తపడాలి. చాలా బళ్లలో అద్దాలు కూడా అదే క్లాంప్‌కు ఉంటాయి కాబట్టి వాటిని మళ్లీ సరిచేసుకోకుండా రోడ్డెక్కకూడదు.

లివర్ మీ చేతికి దూరంగా ఉందేమో కూడా చూడండి. వేలికొన కాకుండా వేలి మొదటి కణుపు లివర్ మీద ఆనితే చేయి చాచే అవసరం ఉండదు. కొన్ని లివర్లకు ఈ దూరాన్ని మార్చే చిన్న చక్రమో స్క్రూవో ఉంటుంది.

3. బరువును చేతుల మీద నుంచి తీసేయండి

ఆగి ఉన్న బండి మీద నడిపే భంగిమలోనే కూర్చుని రెండు చేతులనూ గ్రిప్పుల నుంచి కాస్త పైకెత్తండి. శరీరం ముందుకు తూలిపడుతుంటే, అంతవరకు ఆ బరువును మోసింది మీ అరచేతులే. మోకాళ్లతో ట్యాంకును తేలికగా అదిమిపట్టి, పాదాల బరువు ఫుట్‌రెస్టుల మీద మోపి, నడుమును కుంగదీయకుండా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగితే పొట్ట, వీపు కండరాలు ఆ బరువును తీసుకుంటాయి. మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు చెవుల వైపు ఎగబడకుండా వదులుగా ఉండాలి. మోచేతులు బిగుసుకుపోతే రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా భుజం దాకా కొడుతుంది.

సీటు ముందుకు ఏటవాలుగా ఉంటే ఎంత జాగ్రత్తపడినా మెల్లగా ట్యాంకు మీదికి జారి మళ్లీ చేతుల మీదే పడతాం. అలాంటప్పుడు సీటునే సరిచేయించాలి. హ్యాండిల్ మరీ దూరంగా, కిందికి ఉంటే దాన్ని 20 నుంచి 30 మిల్లీమీటర్లు పైకి లేపే రైజర్లు పనికివస్తాయి, కానీ కేబుళ్లకు, బ్రేక్ గొట్టానికి ఆ పొడవు సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. స్పోర్ట్స్ బైకుల్లో హ్యాండిల్ కింద ఉండటం వల్ల నెమ్మదిగా సాగే ట్రాఫిక్‌లోనే మణికట్లు ఎక్కువ నొస్తాయి. వేగం పెరిగాక ఛాతీకి తగిలే గాలి కొంత బరువును మోస్తుంది.

4. పట్టు వదులు చేయండి

బిగించి పట్టుకున్నామన్న సంగతి పట్టుకున్నవారికే తెలియదు. అందుకే ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడో, ఒక మలుపు దాటాకో వేళ్లు ఎంత బిగువుగా ఉన్నాయో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఒక మాదిరి వేగం అందుకున్నాక బండి తనంతట తానే నిటారుగా నిలబడుతుంది. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నంత మాత్రాన అది ఇంకాస్త స్థిరంగా ఉండదు సరికదా, చేతుల బిగువు వల్ల మలుపు తిరగడమే కష్టమవుతుంది. తడిసిన సబ్బుబిళ్లను పట్టుకున్నంత పట్టు చాలు.

కుడిచేతికి ఇంకొక మెలకువ అవసరం. బండి కదిలేముందు మణికట్టు నిటారుగా ఉండేలా పట్టుకుంటే, యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ అది కిందికి కుంగిపోయి, గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. కాబట్టి తిన్నని రోడ్డు మీద స్థిరమైన వేగం అందుకున్నాక పట్టును మార్చుకుని, ఆ వేగం దగ్గర మణికట్టు నిటారుగా ఉండేలా చూసుకోవాలి. గ్రిప్‌ను పిడికిలికి అడ్డంగా కాకుండా, స్క్రూడ్రైవర్‌ను పట్టుకున్నట్టు అరచేతికి ఏటవాలుగా ఉంచితే తిప్పడం తేలికవుతుంది.

యాక్సిలరేటర్ బిగుసుగా తిరుగుతుంటే ఎవరైనా గట్టిగా పట్టుకోక తప్పదు. వదలగానే అది టక్కున వెనక్కి వెళ్లాలి. వెళ్లకపోతే కేబుల్‌ను శుభ్రం చేయించి నూనె వేయించాలి, లేదా మార్పించాలి. గ్రిప్‌కు తగిలించి అరచేతితో నొక్కే చిన్న రెక్కలాంటి పరికరాలు దొరుకుతాయి. పొడవాటి రోడ్ల మీద అవి హాయినిస్తాయి గానీ, ఇరుకు మలుపుల్లో చేయి తగిలి అనుకోకుండా వేగం పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ట్రాఫిక్‌లోకి రాగానే పక్కకు తిప్పేయాలి.

5. అదురు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి

ఒకే వేగంలో గేరు మార్చి చూడండి. గేరు మారగానే అదురు తగ్గినా, తీరు మారినా అది ఇంజిన్‌ది. గేరు ఏదైనా అదే వేగం దగ్గర అలాగే ఉంటే చక్రాల వైపు చూడాలి. ఇంజిన్ అదురు అయితే దాన్ని చట్రానికి బిగించే బోల్టులు చూపించండి. చక్రాల అదురు అయితే చెయిన్ బిగువు, టైరులో గాలి, టైరు అరుగుదల, చక్రం బ్యాలెన్సింగ్, హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు పరీక్షింపజేయండి.

అన్నీ సరిగా ఉన్నా సింగిల్ సిలిండర్ ఇంజిన్లు కొంత అదురుతూనే ఉంటాయి. ప్రతి బండికీ అదురు బాగా తెలిసే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య) ఒకటి ఉంటుంది, గేరు మార్చి దాన్ని తప్పించుకుని నడపడం ఖర్చులేని ఉపాయం. హ్యాండిల్ చివర్లలో ఉండే బరువైన బిళ్లలు అలంకారం కోసం పెట్టినవి కావు, అవి హ్యాండిల్ అదురును తగ్గించడానికే ఉంటాయి. అందం కోసం వాటిని తీసేస్తే తిమ్మిరిని కొనితెచ్చుకున్నట్టే.

మెత్తటి గ్రిప్పుల వంతు ఇప్పుడు వస్తుంది. అవి అదురును కొంత తగ్గిస్తాయి, కానీ చేయి చిన్నదైతే లావుపాటి గ్రిప్ వల్ల ముంజేయి మరింత అలసిపోతుంది.

6. గ్లౌజులు, చలి

బిగుతు గ్లౌజులు రక్తప్రసరణను అడ్డుకుంటాయి, వదులువి అరచేతిలో ముడతలుపడి ఇంకా గట్టిగా పట్టుకునేలా చేస్తాయి. అరచేతి వైపు లావుపాటి కుట్టు గానీ, మణికట్టు పట్టీని అతిగా బిగించడం గానీ ఉండకూడదు. చలిప్రాంతాల్లో చేతులకు గాలి నేరుగా తగలకుండా హ్యాండ్ గార్డులు పెట్టించుకోవచ్చు.

7. మధ్యమధ్య ఆగండి

ముప్పావుగంటకో గంటకో ఒకసారి, తిమ్మిరి మొదలయ్యే వరకు ఎదురుచూడకుండా, ఆగి దిగండి. చేతులు కిందికి వేలాడదీసి విదిలించి, పిడికిలిని మెల్లగా మూస్తూ వేళ్లను పూర్తిగా విప్పుతూ పదిసార్లు చేయండి. తర్వాత చేయి ముందుకు చాచి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా వెనక్కి వంచి పదిహేను ఇరవై సెకన్లు ఉంచి, అదే విధంగా కిందికీ వంచండి. నొప్పి పుట్టేంతగా లాగకూడదు. మెడ, భుజాలు కూడా తిప్పండి, ఎందుకంటే చేతికి వచ్చే నరాలన్నీ మెడ నుంచే బయల్దేరతాయి.

8. డాక్టరును ఎప్పుడు కలవాలి?

బండి దిగిన గంటల తర్వాత కూడా తిమ్మిరి పోకపోయినా, రాత్రి నిద్రలో చేయి మొద్దుబారి మెలకువ వస్తున్నా, గ్లాసులాంటి వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి మొదట్లోని కండ సన్నబడినట్టు కనిపించినా బండిని సరిచేసుకుంటూ కూర్చోకుండా డాక్టరును కలవాలి. మధుమేహం, థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం ఉన్నవారికి, గర్భిణులకు చేతుల తిమ్మిరి బైక్‌తో సంబంధం లేకుండా కూడా రావచ్చు. నరంలో సంకేతం ఎంత వేగంగా ప్రయాణిస్తోందో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్షతో సమస్య మణికట్టు దగ్గరుందో మోచేతి దగ్గరుందో చాలావరకు తేలుతుంది. ఒకే వైపు చేయి హఠాత్తుగా మొద్దుబారి, దాంతో పాటు మూతి వంకరపోయినా మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే బండిని పక్కకు ఆపి అంబులెన్స్‌ను పిలవాలే తప్ప, అలాగే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లే ప్రయత్నం చేయకూడదు.