విద్యుత్ లెక్కలు – 3వ పాఠం: లోడ్ ఫ్యాక్టర్

మీటరు 15 లేదా 30 నిమిషాలకొకసారి ఆ వ్యవధిలోని సగటు లోడును లెక్కగట్టి, బిల్లు కాలం మొత్తం మీద వాటిలో అతి పెద్దదాన్ని గరిష్ఠ డిమాండుగా నమోదు చేస్తుందని గత పాఠంలో తెలుసుకున్నాం. అదే కాలానికి తీసిన సగటు లోడు ఆ గరిష్ఠ డిమాండులో ఎన్నో వంతు ఉందో చెప్పే నిష్పత్తే లోడ్ ఫ్యాక్టర్.

సూత్రం చిన్నదే. వాడిన యూనిట్లను గంటలతో భాగిస్తే సగటు లోడు కిలోవాట్లలో వస్తుంది. దాన్ని గరిష్ఠ డిమాండుతో భాగించి 100తో హెచ్చిస్తే శాతం తెలుస్తుంది. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది సగటు దగ్గరే కనుక అక్కడ కాస్త నిదానిద్దాం.

ఒక వర్క్‌షాపులో రోజుకు 12 గంటలు 10 కిలోవాట్లు, 8 గంటలు 40, 3 గంటలు 60, ఒక్క గంట మాత్రం 100 కిలోవాట్ల లోడు ఉంటుందనుకోండి. ఈ నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తే 52.5 వస్తుంది. అది సగటు లోడు కాదు. 12 గంటలు నడిచిన లోడుకూ, ఒక్క గంట నడిచిన లోడుకూ ఒకే విలువ కట్టినట్లయింది. ప్రతి లోడునూ అది నడిచిన గంటలతో హెచ్చిస్తే 120, 320, 180, 100 వస్తాయి; మొత్తం 720 యూనిట్లు. 24తో భాగిస్తే సగటు 30 కిలోవాట్లు, లోడ్ ఫ్యాక్టర్ 30 శాతం.

ఇప్పుడు ఆ ఒక్క గంటలో నడిచే 100 కిలోవాట్లలో 40 కిలోవాట్ల పనిని, 10 కిలోవాట్లే ఉన్న సమయంలోకి జరిపి చూడండి. యూనిట్లు 720కి ఒక్కటి కూడా తగ్గవు, పనీ ఆగదు. గరిష్ఠ డిమాండు మాత్రం 60కి దిగి లోడ్ ఫ్యాక్టర్ 50 శాతానికి చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మరునూ కేబుళ్లనూ సగటును చూసి కాక గరిష్ఠాన్ని చూసి ఎంచుకోవలసి వస్తుంది కాబట్టి, ఈ పాఠంలో నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది ఈ మార్పే.

లోడ్ ఫ్యాక్టరూ పవర్ ఫ్యాక్టరూ వేర్వేరు. సరఫరా నుంచి తీసుకునే మొత్తం కేవీఏలో (కిలోవోల్ట్ ఆంపియర్లలో) నిజంగా పనికి వచ్చే కిలోవాట్లు ఎన్నో వంతో చెప్పేది పవర్ ఫ్యాక్టర్. అయితే డిమాండు కేవీఏలో నమోదైనప్పుడు, దాన్ని ఆ సమయంలోని పవర్ ఫ్యాక్టరుతో హెచ్చించి కిలోవాట్లలోకి మార్చాకే భాగహారం చేయాలి.

అభ్యాసం: 30 రోజుల్లో 18,000 యూనిట్లు వాడారు, గరిష్ఠ డిమాండు 50 కేవీఏ, అప్పటి పవర్ ఫ్యాక్టర్ 0.8. లోడ్ ఫ్యాక్టర్ 62.5 శాతం రావాలి. మీకు 50 శాతం వచ్చిందంటే, కేవీఏను కిలోవాట్లలోకి మార్చకుండానే భాగించారన్నమాట.