సర్వేయర్ పేరిట యూనివర్సిటీలో బహుమతి పెట్టాలనుకుంటే

మా నాన్న మండల సర్వేయరుగా రిటైరయ్యారు. ఆయన పేరిట సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఏటా ఒక బహుమతి పెడదామని అన్నయ్యా నేనూ అనుకున్నప్పుడు, డబ్బు కట్టేస్తే మిగతాదంతా యూనివర్సిటీవాళ్లే చూసుకుంటారని చుట్టాలు చెప్పారు. చూసుకోరు. మీరు రాసిచ్చిన కాగితంలో ఏముందో అదే చేస్తారు. అందుకని డబ్బు సంగతి కంటే ముందు ఆ కాగితం మీద కూర్చోండి.

రిజిస్ట్రార్ పేరిట అర్జీ పెట్టి ఎండోమెంట్ (శాశ్వత నిధి) నిబంధనల కాపీ అడగండి. కనీస మొత్తం ఎంతో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పద్ధతి మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే: మీరిచ్చిన అసలు బ్యాంకు డిపాజిట్‌లో ఉంటుంది, దాని మీద వచ్చే వడ్డీతో బహుమతి ఇస్తారు. ఏటా పదివేలు ఇవ్వాలంటే, ఏడు శాతం వడ్డీ చొప్పున లక్షన్నర సరిపోతుందనిపిస్తుంది. కానీ 2013 ప్రాంతంలో తొమ్మిది శాతం దాకా ఇచ్చిన బ్యాంకులు 2020–21 నాటికి అయిదు, అయిదున్నరకు దిగాయి. కాబట్టి అయిదు శాతానికే లెక్క కట్టి రెండు లక్షలు వేయండి. ఎక్కువ వచ్చిన ఏడాది మిగులు అసల్లో కలపాలని రాయించండి. బంగారు పతకం జోలికి పోవద్దు. మా పెదనాన్నకు అదే ముచ్చట, కానీ బంగారం ధర పెరిగినట్టు వడ్డీ పెరగదు. నాలుగేళ్లు పోయాక అది పూత పతకం అవుతుంది. నగదు, ఒక సర్టిఫికెట్ చాలు.

అసలు కష్టమంతా ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే. ఏమీ చెప్పకపోతే ఆఫీసువాళ్లు ‘సర్వేయింగ్ పేపర్లో అత్యధిక మార్కులు’ అని రాసేస్తారు. వాళ్లకి అది తేలిక. అయితే పరీక్ష హాల్లో కోణాలు కొలిచే థియోడొలైట్ బొమ్మ అందంగా గీసినవాడికి పొలం గట్టు మీద దాన్ని లెవెల్ చేయడం వచ్చి ఉండాలనేమీ లేదు. మేం ఫీల్డ్ పనికే ఇవ్వాలని పట్టుబట్టాం. సర్వే క్యాంప్‌లో గానీ, అది లేని కాలేజీలో ల్యాబ్‌లో గానీ విద్యార్థి అక్కడికక్కడే కొలతలు రాసుకున్న ఫీల్డ్ బుక్కే చూడాలి. అందులో రెండు విషయాలు. ఒకటి, కొలత మూసుకోవడం, అంటే చివరికి లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం. లెవెలింగ్ (ఎత్తుపల్లాల కొలత) చేస్తూ కిలోమీటరు తిరిగి, బయల్దేరిన బెంచ్ మార్కుకే (ఎత్తు తెలిసిన గుర్తుకే) వస్తే తేడా 12 మిల్లీమీటర్లు దాటకూడదన్నది మంచి పనికి పెట్టుకునే హద్దు. కోణం, దూరం రెండూ కొలిచే టోటల్ స్టేషన్‌తో చేసిన ట్రావర్స్ (బిందువు నుంచి బిందువుకు కొలుచుకుంటూ పోవడం) అయితే మూసినప్పుడు ఎంత తేడా వచ్చిందో, దాన్ని ఎలా సర్దారో చూడాలి. రెండోది, దిద్దుబాటు. ఫీల్డ్ బుక్‌లో తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు, ఒక గీత కొట్టి పక్కన సరైన అంకె రాయాలి. చెరిపిన పుస్తకాన్ని నాన్న నమ్మేవారు కాదు. అన్ని అంకెలూ ముత్యాల్లా ఉండి ఒక్క కొట్టివేతా లేదంటే అది హాస్టల్లో కూర్చుని రాసిందేనని ఆయన లెక్క. నాకూ అదే అనుమానం.

ఎంపికకు ముగ్గురి కమిటీ పెట్టండి: డిపార్ట్‌మెంట్ హెడ్, సర్వేయింగ్ చెప్పేవారు ఒకరు, బయటినుంచి సర్వే శాఖలో పనిచేసిన ఒకరు. కుటుంబం నుంచి ఎవరూ వద్దు. తగినవారు లేని ఏడాది బహుమతి ఇవ్వనక్కర్లేదని రాయండి. సిలబస్ మారి సబ్జెక్టు పేరు మారినా దాని స్థానంలో వచ్చినదానికి వర్తిస్తుందన్న వాక్యం తప్పకుండా ఉండాలి. కొలత గొలుసులు పోయి టోటల్ స్టేషన్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లూ, ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే రోవర్లూ దిగాయి. రేపు ఆ పేపర్ని ఏమని పిలుస్తారో మనకెందుకు?

సర్టిఫికెట్‌తో పాటు ఇచ్చే ఒక పేజీ జీవిత పరిచయం మీరే రాయండి. చేరిన తేదీ, రిటైరైన తేదీ, ఆఖరి హోదా పింఛను కాగితాల్లో దొరుకుతాయి. ఎక్కడెక్కడ పనిచేశారో సర్వీస్ రిజిస్టర్‌లో ఉంటుంది. అసలు సంగతులు మాత్రం ఆయనతో గొలుసు పట్టుకుని నడిచిన చైన్‌మన్‌లను అడిగితేనే తెలుస్తాయి. ‘నిజాయితీకి మారుపేరు’, ‘అజాతశత్రువు’ లాంటివి కొట్టేయండి. హద్దులు తేల్చే సర్వేయరుకు అజాతశత్రువు అన్న మాట ఎలాగూ అతకదు. ఏం చేశారో చెప్పండి. ఎఫ్ లైన్ అర్జీ (హద్దు కొలిచి చూపమనే అర్జీ) వస్తే ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పటం) నకలు పట్టుకుని, మూడు గ్రామాలు కలిసేచోట ఉండే ట్రైజంక్షన్ రాయి దాకా నడిచి, అక్కడినుంచి కొలుచుకుంటూ వచ్చేవారని రాయండి. 66 అడుగుల గొలుసుకు వంద లింకులని, పది చదరపు గొలుసులు ఒక ఎకరమని, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటని కూడా రాయండి. రోవర్ పట్టుకున్న పిల్లలకు ఇది కొత్త. ఫలానా సర్వే నంబరు తగాదా, ఫలానావారి పేరు మాత్రం వద్దు. ఆ కుటుంబాలు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటాయి.

ఇంట్లో పటాలు గీయడానికి ఆయన వాడిన ప్లాటింగ్ స్కేలు, ఆఫ్‌సెట్ స్కేలు ఉంటే డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వచ్చు. గొలుసో, లంబ రేఖలు చూసే క్రాస్ స్టాఫో ఉంటే అది ఆఫీసుదేమో ముందు చూసుకోండి.

డబ్బు చెక్కు ద్వారా గానీ ఆన్‌లైన్‌లో గానీ కట్టి రసీదు తీసుకోండి. విరాళం మీద ఆదాయపన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) కావాలంటే యూనివర్సిటీకి ఆ అనుమతి ఉందో లేదో కనుక్కోండి. రెండువేలు దాటిన నగదుకు అది రాదు, కొత్త పన్ను విధానంలో అసలే లేదు. పాలకమండలి ఆమోదించాక తీర్మానం కాపీ అడిగి తీసుకోండి. ఇది నెలలు పడుతుంది, టెన్షన్ పడకండి.

ప్రదానం స్నాతకోత్సవంలోనే జరగాలని పట్టుబట్టొద్దు. అది ఒక్కోసారి ఏళ్లకేళ్లు వాయిదా పడుతుంది. ఏప్రిల్ 10న డిపార్ట్‌మెంట్‌లోనే ఇమ్మని అడగండి. 1802లో అదే రోజున బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మద్రాసులో బేస్‌లైన్ (మిగతా కొలతలకు ఆధారమైన గీత) కొలవడం మొదలుపెట్టాడు, దాన్నే జాతీయ సర్వే దినంగా జరుపుతున్నారు. ఏటా జనవరిలో డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఒక ఉత్తరం రాసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. హెడ్‌లు మారుతుంటారు, కొత్తవారికి ఈ బహుమతి ఉన్నట్టే తెలియకపోవచ్చు. మా ఇంట్లో ఆ పని అన్నయ్య కూతురిది.